నిమ్మ ఆకులోని రెండు ప్రాణములు

నీ పెరటిలో నిమ్మచెట్టు గాని బత్తాయిచెట్టు గాని యుండినయెడల, క్రొత్త చిగురు వేసిన దినములలో ఒక లేత ఆకును త్రుంచి వెలుగునకెదురుగా పట్టి చూడుము. గూడూరు ప్రాంతపు నిమ్మతోటల వారికిని నల్లగొండ బత్తాయితోటల వారికిని ఇది క్రొత్త సంగతి కాదు. ఆకుమీద వెండివంటి మెరుపుగల ఒక గీత వంకరటింకరగా పోవుచుండును. నత్త ప్రాకిన జాడవలె తోచును గాని, అది ఆకు పైన లేదు, ఆకు చర్మము క్రింద ఉన్నది. ఆ గీత నడుమ దారమువంటి నల్లని చార యొకటి కనబడును. అది లోపలి పురుగు విడిచిన మలము. గీత చివర, గోటికొనకు సరిపోవునంత లేతపసుపు పురుగు ఆకురసమును త్రాగుచు ముందునకు పోవుచుండును. కొన్ని దినములకు అది ఆకు అంచునకు చేరి, అంచును తనమీదికి మడిచికొని, ఆ మడతలో నిద్రించును. దీనిని ఆకు తొలుచు పురుగందురు. దీని తల్లి పురుగు రెక్కలు చాచినను నాలుగు మిల్లీమీటర్లకు మించదు. తెల్లని వెండిరెక్కలు, వాటి కొనయందు ఒక నల్లచుక్క. 1856లో స్టెయిన్టన్ అను ఆంగ్లేయుడు దీనిని లోకమునకు మొదట వర్ణించినప్పుడు, ఆయన చేతికి అందిన పురుగులు మన దేశపు కలకత్తానుండి పోయినవే.

ఈ పురుగు ముదురు ఆకును ముట్టదు. లేత చిగురే దానికి కావలెను. కావున నారుమడిలోని మొక్కకును, నాటి ఒకటి రెండేండ్లైన మొక్కకును దీనివలన కలుగు నష్టము ఎక్కువ. పెద్దచెట్టు కొన్ని ఆకులు పోయినను ఓర్చుకొనగలదు. అయితే ఆకు తొలిచిన దారులగుండ గజ్జి తెగులు లోపల ప్రవేశించుట సులభమగును గనుక, తెగులున్న చోట దీనిని చిన్నదని తీసివేయరాదు.

ఇంతవరకు చెప్పినది ఒక ప్రాణమును గూర్చి. ఆకులో రెండవ ప్రాణమొకటి గలదు.

కందిరీగ యనగానే మనకు వాసపు సందులో గూడు కట్టి ముఖము వాచునట్లు కుట్టు ఎఱ్ఱని కందిరీగ జ్ఞాపకము వచ్చును. కాని కందిరీగలలో అనేక వేల జాతులు మనుష్యుని ఎన్నడును కుట్టనివి, మన కంటికి దాదాపు ఆననివి. వాటిలో ఆజెనియాస్పిస్ అను నొకదాని సంగతి వినుము. దాని నిడివి ఒక మిల్లీమీటరునకు లోపు. ఆకు తొలుచు పురుగు ఇంకను గ్రుడ్డులో నుండగానే, లేక గ్రుడ్డునుండి వచ్చిన తొలిగడియలలోనే, ఈ తల్లి కందిరీగ వెదకి వచ్చి దానిలోనికి తన గ్రుడ్డును దించును. ఆ గ్రుడ్డు ఒక్కటే. అయితే లోపల అది తనంతట తాను విభాగింపబడి రెండు మొదలు పది వరకు పిల్లలగును. పురుగు ఏమియు ఎరుగనట్లు తినుచునే యుండును, పెరుగుచునే యుండును, ఆకు అంచు చేరి మడత కట్టుకొనును. అప్పుడు, అప్పుడే, లోపలి పిల్లలు దానిని పూర్తిగా తినివేయును. ఆ మడతను విప్పి చూచినయెడల రెక్కల పురుగు కావలసిన చోట గోధుమరంగు గూళ్లు మూడో నాలుగో పూసలవలె వరుసగా పేర్చబడి యుండును.

ఇందులో ఒక సంగతిని రైతు తప్పక గమనింపవలెను. ఈ కందిరీగ నీ ఆకును కాపాడదు. పురుగు తన భోజనమంతయు ముగించిన తరువాతనే చచ్చును. నీకు కలుగు మేలు ఈ ఆకులో కాదు, రాబోవు చిగురులో, పుట్టవలసియుండి పుట్టని పురుగులలో నున్నది. మరియొక జాతి కందిరీగ వేరొక విధముగా పని చేయును. దానిని 1960లో నారాయణన్ అను మన దేశపు శాస్త్రజ్ఞుడు వర్ణించెను. అది ఆకు చర్మముగుండ పురుగును పొడిచి అక్కడికక్కడే కదలకుండ చేసి, ప్రక్కన గ్రుడ్డు పెట్టిపోవును. పిల్ల బయటనుండి తినును. మొదటిది నెమ్మదిగా, రెండవది త్వరగా. అంతే భేదము.

ఇక మనము విచారింపవలసిన ప్రశ్నకు వత్తము. ఒక గ్రామ సంఘములో కోతపండుగనాడు నిమ్మకాయల గంపలు బల్లముందు ఉంచబడియుండగా, పంటనిచ్చిన దేవునికిని, పురుగును చంపు పురుగును కలుగజేసినందుకును స్తోత్రములు చెల్లింపబడెను. వ్యవసాయ కళాశాలలో చదువుచున్న ఒక పడుచువాడు కూడిక ముగిసిన పిమ్మట నాతో ఇట్లనెను: “అయ్యగారూ, ఆ పురుగును బ్రదికియుండగానే లోపలినుండి తినుట నేను సూక్ష్మదర్శినిలో చూచితిని. దానికొరకు స్తోత్రమని పలుకుటకు నా నోరు రాలేదు.” అతడు అవిశ్వాసి కాడు, పరిహాసకుడును కాడు. నోటితో చెప్పినది మనస్సుతో చెప్పవలెనని కోరువాడు. ఇట్టివానికి తొందరపడి జవాబు చెప్పుట అతనికి చేయు అపకారము.

ఈ ప్రశ్న నేటిది కాదు. ఇంగ్లండులోని బార్హామ్ అను చిన్న ఊరిలో విలియం కర్బీ అను బోధకుడుండెను. ఆయన 68 సంవత్సరములు ఆ యొక్క ఊరి సంఘములోనే సేవచేసి 1850లో మరణించెను. తీరిక వేళలలో పురుగులను పరిశీలించి, స్పెన్స్ అను స్నేహితునితో కలిసి 1815 మొదలు వాటిని గూర్చి పెద్ద గ్రంథము ప్రచురించెను. అందులో ఆయన ఇట్టి కందిరీగ పిల్లనుగూర్చి చెప్పుచు, అది గొంగళిపురుగును దినదినము లోపల కొరుకుచున్నను, దాని ప్రాణమునకు మూలమైన అవయవములను మాత్రము చివరివరకు ముట్టదనియు, అవి పోయినచో తనకును బ్రదుకు లేదని ఎరిగినట్లే నడుచుకొనుననియు ఆశ్చర్యపడెను. చూచుటకు ఇది క్రూరమైన పనియేనని ఆయన దాచలేదు. అయినను దానిలోని నేర్పును చూచి సృష్టికర్త జ్ఞానమును స్తుతించెను.

1860 మే 22న చార్లెస్ డార్విన్, ఏసా గ్రే అను అమెరికా వృక్షశాస్త్రజ్ఞునికి ఒక ఉత్తరము వ్రాసెను. గ్రే భక్తిగల క్రైస్తవుడు. డార్విన్ ఇదే కందిరీగలను పేర్కొని, దయయు సర్వశక్తియు గల దేవుడు బ్రదికియున్న గొంగళిపురుగుల శరీరములలో మేయవలెనని వీటిని ఉద్దేశపూర్వకముగా చేసెనని తనకు నమ్మబుద్ధి కాకున్నదనెను. ఆ ఉత్తరమును చూపి డార్విన్‌ను దూషించువారును, దానినే చూపి విశ్వాసమును ఎగతాళి చేయువారును ఉన్నారు. ఆ రెండు పక్షముల వారిలో అనేకులు ఉత్తరమంతయు చదివినట్లు లేదు. ఏలయనగా ఈ సంగతి మనుష్యబుద్ధికి అందని లోతు గలదని ఆయన అందులోనే ఒప్పుకొనెను. కర్బీ చూచినదియు డార్విన్ చూచినదియు ఒకే పురుగు. ఒకడు పనిలోని నేర్పును చూచెను, ఒకడు తినబడుచున్నదానిని చూచెను. ఆ పడుచువాడు రెండవవాని ప్రక్కన నిలిచి చూచుచున్నాడు. నా మట్టుకు నేను అతడు నిలిచిన చోటు తప్పని చెప్పజాలను.

మన దేశములో మన పెద్దలు ఈ కందిరీగను ఎరుగకపోలేదు. భ్రమరకీటక న్యాయమను మాట నీవు వినియుందువు. మట్టితో గోడమూలను చిన్న కుండవంటి గూడు కట్టు కందిరీగ యొకటి, పచ్చని పురుగును మోసికొనివచ్చి అందులో పెట్టి మూసి, చుట్టు తిరుగుచు ఝుంకారము చేయును. కొన్నాళ్లకు ఆ గూటిలోనుండి పురుగు రాదు, కందిరీగయే వచ్చును. పురుగు భయముచేత ఎడతెగక కందిరీగనే ధ్యానించి కందిరీగయైనదని మన పూర్వికులు చెప్పుకొనిరి. గురువును ధ్యానించిన శిష్యుడు గురువంతవాడగునని బోధించుటకు ఇది ఎంత చక్కని ఉపమానము! కాని గూడు పగులగొట్టి చూచినవారికి తెలిసినదేమనగా, కందిరీగ పురుగును పొడిచి స్తంభింపజేసి, దానితోపాటు తన గ్రుడ్డునుంచి, తలుపు మూసిపోయెను. పురుగు కందిరీగ కాలేదు. కందిరీగ పిల్లకు ఆహారమాయెను.

నేను ఈ కథను నవ్వుటకు చెప్పుటలేదు. బయటనుండి చూచువానికి, లోపలికి పోయినది పురుగు, బయటికి వచ్చినది కందిరీగ. అంతకంటె వేరేమి తోచును? అయితే మనము ఇప్పుడు ఎరిగియున్నాము. ఎరిగిన తరువాత గూడు మూసియున్నప్పటి సంతోషమును మరల తెచ్చుకొనరాదు. భక్తికొరకైనను తెచ్చుకొనరాదు. మనము దేవునియెదుట పలుకు స్తోత్రము గూడు పగులగొట్టి చూచినవాని స్తోత్రమై యుండవలెను.

ఇట్టి ప్రశ్నకు సంఘములలో వినవచ్చు జవాబులు మూడు. పురుగునకు బాధ తెలియదు గనుక దిగులు పడనక్కరలేదని కొందరందురు. ఇది సులభమైన జవాబు. నిజమైనయెడల మంచిదే. కాని పండ్లమీద ముసురు చిన్న ఈగ యొక్క పిల్లపురుగును కందిరీగ పొడిచినప్పుడు అది దొర్లి దొర్లి తప్పించుకొన చూచుననియు, అపాయమును తెలుపు ప్రత్యేకమైన నరములవలననే అట్లు చేయుననియు 2007లో శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. అది మన బాధవంటి బాధయని దీనివలన తేలలేదు. పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. కాని ముల్లునుండి తొలగు ప్రాణిని చూచి, దీనికి ఏమియు లేదు పొమ్మని ధైర్యముగా చెప్పుటకు మనకు అధికారమెక్కడిది?

ఇదంతయు ఆదాము పాపఫలమని మరికొందరందురు. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో సృష్టియంతటి వేదనను గూర్చి చెప్పిన మాట నిజమే, నేను దానిని ప్రేమింతును. అయినను బాల్టిక్ సముద్రతీరమున చెట్టుబంక గట్టిపడి రాయిగా మారిన ముక్కలలో ఈ జాతి కందిరీగలు చిక్కుకొని నేటికిని చెడక యున్నవి. వాటి వయస్సు మూడు నాలుగు కోట్ల సంవత్సరములని పండితులు లెక్కించుచున్నారు. మనుష్యుడు భూమిమీద లేని దినములలోనే కందిరీగ తన పని చేయుచుండెనన్నమాట. మన పాపపు లెక్క మనకు చాలినంత యున్నది. దీనిని కూడ దానిలో కలిపి వ్రాయుట వినయమువలె కనబడును గాని, ప్రశ్నను మూసివేయుటయే యగును.

మూడవ జవాబు రైతుది. పురుగు చచ్చినది, చెట్టు బ్రదికినది, ఇంతకంటె ఏమి కావలెను? ఆ జవాబులో కపటము లేదు. నిమ్మతోట అమ్మకముతో పిల్లల జీతము కట్టువానిని తప్పుపట్టువాడను కాను. అయితే కందిరీగ నీకొరకు పుట్టలేదని మరువకుము. కందిరీగ లోపల గ్రుడ్డు పెట్టు కందిరీగలును గలవు. వాటివలన నీ మిత్రపురుగే చచ్చును. అప్పుడు స్తోత్రము ఎవరు చెప్పవలెను? ఆకు తొలుచు పురుగా?

యోబు గ్రంథము చివరి అధ్యాయములను ఈ ప్రశ్నను మనస్సులో పెట్టుకొని చదువుము. సుడిగాలిలోనుండి వచ్చిన ప్రత్యుత్తరములో యోబు బాధకు కారణము చెప్పబడలేదు. అతనికి మృగములును పక్షులును చూపబడినవి. అవి మనకు నచ్చునట్లు ఏరి తెచ్చినవి కావు. సింహమునకు వేట దొరకుటయు, కాకి పిల్లలు ఆకలిచే కూయుటయు, పక్షిరాజు పిల్లలు రక్తము పీల్చుటయు అందులోనే యున్నవి. తినువాని ఆకలి దేవుని యెదుట లెక్కకు వచ్చినదని ఆ అధ్యాయములు చూపుచున్నవి. తినబడువాని సంగతి అక్కడ విప్పి చెప్పబడలేదు. అయితే కాసుకు అమ్మబడు పిచ్చుక పడుటయు తండ్రి ఎరుగునని యేసు చెప్పెను. ఈ రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నాకు తోచునదేమనగా, కందిరీగ పిల్ల ఆకలిని ఎరిగినవాడే పురుగు పడుటను ఎరుగును. దీనివలన చిక్కు విడిపోవుచున్నదని నేననను. ఒక ప్రాణము పక్షము వహించి రెండవదానిని లెక్కలోనుండి కొట్టివేయుట మాత్రము భక్తి కాదనుచున్నాను.

కందిరీగ క్రూరురాలా? కాదు. క్రూరత్వమునకు ఇంకొక దారి కనబడవలెను, దానిని విడిచి ఈ దారి పట్టవలెను. ఆమెకు ఉన్నది ఒక్క దారి. సోమరిని చీమయొద్దకు వెళ్లి నేర్చుకొమ్మని సామెతల గ్రంథము పంపినది గాని, కందిరీగయొద్దకు ఎవనినైనను పంపినట్లు లేదు. ప్రతి జంతువును మనకు గురువు కాదు. పెద్ద చేప చిన్న చేపను మింగుటయే లోకధర్మమని, ప్రకృతిని సాక్షిగా పిలిచి, మనుష్యులను మింగినవారు చరిత్రలో అనేకులు గలరు.

వారిని వెదకుటకు చరిత్రదాక పోనక్కరలేదు. మన గ్రామములలో వడ్డీకి ఇచ్చు వాడొకడుండును. అతడు అప్పు తీసికొన్న కుటుంబమును చంపడు. ఎద్దును తీసికొనును గాని కూలికి పోవు చేతులను విడిచిపెట్టును. ధాన్యము కొలిపించుకొనును గాని తిండికి కొంచెము ఉంచును. పొలము వ్రాయించుకొని, ఆ పొలములోనే వానిని కౌలుకు నిలుపును. ఏండ్లకేండ్లు లోపలినుండి తినుచు, ప్రాణస్థానమును మాత్రము ముట్టడు. కర్బీ గొంగళిపురుగులో చూచిన నేర్పు ఇదే. అయితే ఇక్కడ తినువానికి ఇంకొక దారి కనబడుచునే యున్నది, అతడు దానిని ఎరిగియే విడిచెను. సంఘములో ముందువరుసను కూర్చుండువాడై యున్నను, కోతపండుగకు అందరికంటె పెద్ద గంప తెచ్చువాడై యున్నను, ఈ పనికి పేరు క్రూరత్వమే. పురుగులోని కందిరీగను చూచి నోరు రాని మనము, ఇతనిని చూచి ఎన్నేండ్లు నోరు మూసికొంటిమి?

మరియొక సంగతి. కందిరీగ తన దారిని తాను పోవునప్పుడు మనము చూచువారము మాత్రమే. దానిని పట్టి సముద్రము దాటించినప్పుడు మనము చేయువారము. 1993లో ఆకు తొలుచు పురుగు అమెరికాలోని ఫ్లోరిడా తోటలలో మొదటిసారి కనబడి, సంవత్సరములోపుగా ఆ రాష్ట్రమంతట వ్యాపించెను. 1994లో మార్జొరీ హోయ్ మొదలైన శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియానుండి ఆజెనియాస్పిస్ కందిరీగను తెప్పించి అక్కడ విడిచిరి. అది తేమగల ఆ దేశములో చక్కగా నిలిచెను. పొడిగాలి గల తావులలో అది అంతగా నిలువదు. నారాయణన్ వర్ణించిన కందిరీగ స్పెయిను నారింజతోటలలో స్థిరపడినది. ఇట్టి పనివలన విషపు మందులు తగ్గుట గొప్ప మేలు. ఆకు చర్మము క్రిందనున్న పురుగునకు అనేక మందులు సరిగా తగలవు, ఆకుపైన తిరుగు చిరు కందిరీగకు ముందుగా తగులును. శత్రువు ఇంటిలో దాగియుండగా కావలివానిని కొట్టినట్లగును.

అయినను మేలు కోరి చేసినదంతయు మేలు కాదు. 1906లో అమెరికావారు అడవిచెట్ల ఆకులు తిను ఒక రెక్కల పురుగును అణచుటకు ఐరోపానుండి ఒక జాతి ఈగను తెచ్చి విడిచిరి. ఆ ఈగ పిల్లలును బ్రదికిన పురుగులలోనే పెరుగును. అది తెచ్చినవారు చూపిన పురుగుతో తృప్తిపడక, ఆ దేశపు అందమైన పట్టుపురుగు జాతులనేకములలో జొరబడి వాటిని క్షీణింపజేసినదని 2000 సంవత్సరములో ప్రచురింపబడిన పరిశోధన తెలిపినది. ఆ ఈగమీద నేరము మోపలేము. దానిని ఓడలో ఎక్కించినవారు లెక్క చెప్పవలసినవారు. నేటి శాస్త్రజ్ఞులు ఒక కందిరీగను విడుచుటకు ముందు అది వేరే ప్రాణులను ముట్టునా యని మూసిన గదులలో పరీక్షించుచున్నారు.

ఆ పడుచువాడు ఇప్పటికిని కోతపండుగకు వచ్చుచున్నాడు. వానకొరకు, నేలకొరకు, కాయకొరకు స్తోత్రము పలికి, కందిరీగ మాట వచ్చునప్పుడు తల వంచుకొని మౌనముగా నుండును. ఆ మౌనమును సంఘపెద్దలలో ఒకరు తప్పుగా ఎంచిరి. నేను ఎంచను. తన తండ్రి తోటలో పెద్దచెట్లకు మందు కొట్టించుట అతడే మాన్పించెను. నారుమడిని మాత్రము సన్నని వలతో కప్పియుంచెను, అక్కడి లేతమొక్కలు కందిరీగ వచ్చువరకు ఆగలేవు గనుక.